బోట్స్వానాలో హెచ్ఐవీ పరీక్ష ఊరూరా ఎలా చేరింది? వద్దనే హక్కు నిజంగా ఉందా?

నల్లరేగడి:

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను చాలా ఏళ్లుగా బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉంటున్నాను. హెచ్ఐవీ పరీక్షను ఈ దేశం విస్తరించిన తీరు గురించి ఇక్కడివాళ్లు ఇప్పటికీ రెండు రకాలుగా మాట్లాడతారు. మన వేదికలో వైద్యులు, ల్యాబ్ సిబ్బంది, కౌన్సెలర్లు ఉన్నారు కాబట్టి ఆ రెండు వాదనలూ మీ ముందు పెడుతున్నాను.

నేపథ్యం తెలియనివారి కోసం కొంత చెబుతాను. జనాభా దాదాపు పాతిక లక్షలే ఉన్న దేశమిది. 2021లో జరిగిన సర్వే ప్రకారం 15 నుంచి 64 ఏళ్ల వయసువారిలో 20.8 శాతం మందికి, అంటే ఐదుగురిలో ఒకరికి, హెచ్ఐవీ ఉంది. ఇరవై ఏళ్ల కిందట పరిస్థితి ఎంత భయంకరంగా ఉండేదంటే, తన జాతి ఉనికికే ముప్పు వచ్చిందని నాటి అధ్యక్షుడు ఫెస్టస్ మొగాయ్ ప్రపంచ వేదికల మీద బాహాటంగా హెచ్చరించారు. 2002 జనవరిలో గాబరోన్‌లోని ప్రిన్సెస్ మరీనా ఆసుపత్రిలో ‘మాసా’ పేరుతో ఉచిత ఏఆర్‌టీ చికిత్స, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులివ్వడం, మొదలైంది. వజ్రాల ఆదాయం కొంత, గేట్స్ ఫౌండేషన్, మందుల కంపెనీ మెర్క్‌ల సాయం కొంత తోడు కావడంతో డబ్బుకు అప్పట్లో పెద్ద ఇబ్బంది లేదు. అయినా వస్తారనుకున్న జనం రాలేదు. వచ్చినవారిలో చాలామంది పూర్తిగా మంచం పట్టి, ఇంటివాళ్లు మోసుకొస్తే వచ్చినవాళ్లే. తమ ఒంట్లో వైరస్ ఉందన్న సంగతి తెలియనివాళ్లకు మందులు ఉన్నా లేనట్టే కదా.

‘టెబెలోపెలె’ పేరుతో పరీక్షా కేంద్రాలు 2000 నుంచీ ఉన్నాయి. కాకపోతే అవి తమంతట తాము వచ్చి అడిగినవారికి మాత్రమే పరీక్ష చేసే కేంద్రాలు. ఆ గుమ్మం తొక్కితే చాలు, ఊరంతా ఒకటికి రెండు ఊహించుకుంటుంది. అందుకని 2003 చివర్లో మొగాయ్ ఒక నిర్ణయం ప్రకటించారు. 2004 జనవరి నుంచి ప్రభుత్వ ఆసుపత్రికి ఏ జబ్బుతో వచ్చినా మిగతా పరీక్షలతో పాటు హెచ్ఐవీ పరీక్ష కూడా చేస్తారు, రోగి వద్దంటే తప్ప. దేశమంతటా ఈ పద్ధతిని చేపట్టిన మొదటి ఆఫ్రికా దేశం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగమైన యూఎన్‌ఎయిడ్స్ కలిసి ఇటువంటి మార్గదర్శకాలను 2007 మేలో గానీ విడుదల చేయలేదు.

ఈ నిర్ణయం లేకపోతే ఒక తరం మొత్తం పోయేదని కొందరంటారు. తెల్లకోటు వేసుకున్న మనిషి ఎదుట కూర్చున్న పేద రోగికి ‘వద్దు’ అనే ధైర్యం ఎక్కడ నుంచి వస్తుంది, ఆ హక్కు కాగితం మీదిదే అని మరికొందరంటారు. అనుభవజ్ఞులు చెప్పాలి.

పసుపుకొమ్ము:

నల్లరేగడి గారూ, మంచి ప్రశ్న ఎత్తారు. నేను గుంటూరు జిల్లాలో ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) కౌన్సెలర్‌గా పనిచేశాను. ఆ రోజుల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా దేశంలో ఎక్కువ కేసులున్న రాష్ట్రాల జాబితాలో ఉండేది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్లవారిలో 0.97 శాతం మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. బోట్స్వానా అంకెల పక్కన ఇది చిన్నదిగా కనిపించవచ్చు గానీ, మా గది బయట బెంచీ ఏనాడూ ఖాళీగా లేదు.

నా అభ్యంతరం ‘వద్దంటే తప్ప’ అనే పద్ధతి మీద కాదు. ఆ వద్దు అనడానికి అవసరమైన సమయాన్ని ఎవరు ఇస్తున్నారన్నదాని మీద. ప్రసవానికి ముందు పరీక్షలకు వచ్చిన అమ్మాయి చేతిలో చీటీ పెట్టి, ‘రక్తం ఇచ్చి రా తల్లీ’ అంటే ఆమె వెళ్లి ఇచ్చేస్తుంది. హిమోగ్లోబిన్‌కు, షుగర్‌కు, బ్లడ్ గ్రూపుకు తీసినట్టే దీనికీ తీస్తున్నారనుకుంటుంది. దాన్ని అంగీకారం అనలేం. అదే అమ్మాయిని లోపల కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఈ పరీక్ష ఎందుకు, ఉందని తేలితే బిడ్డను ఎలా కాపాడుకోవచ్చు, ఫలితం ఎవరెవరికి తెలుస్తుంది అని పది నిమిషాలు చెబితే, నా అనుభవంలో నూటికి తొంభై మందికి పైగా తామే చేయి చాపుతారు. సమయం తీసుకుని వివరించిన చోట నిరాకరణ చాలా అరుదు.

ఇంకొక సంగతి. పరీక్షను గర్భిణులతో మొదలుపెడితే ఇంట్లో మొదట బయటపడేది భార్య ఫలితమే. ముందు తెలిసింది ఆమెకు కాబట్టి ముందు తెచ్చిందీ ఆమే అని అత్తవారింట తీర్పు చెప్పేస్తారు. భర్త పరీక్ష చేయించుకోడు, చేయించుకున్నా చెప్పడు. పుట్టింటికి పంపేసిన ఆడపిల్లలతో మాట్లాడిన దాన్ని కాబట్టి, ఎన్ని లక్షల పరీక్షలు జరిగాయన్న లెక్క వినగానే నాకు సంతోషం కలగదు. పరీక్ష తర్వాత ఆ మనిషికి ఏమైందో కూడా చెప్పమని అడుగుతాను. మన దేశంలో 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. తెలియజెప్పి తీసుకున్న అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని అందులో స్పష్టంగా ఉంది. బోట్స్వానాలో అటువంటి రక్షణ ఉందా?

నల్లరేగడి:

పసుపుకొమ్ము గారూ, మీరు అడిగినదానికి సూటిగా సరిపోయే అధ్యయనం ఒకటుంది. ఈ విధానం మొదలైన ఏడాదే, 2004 చివర్లో, పరిశోధకులు ఇక్కడ 1,268 మందిని ప్రశ్నించి 2006లో ఫలితాలు ప్రచురించారు. అందులో 81 శాతం మంది కొత్త పద్ధతిని గట్టిగా సమర్థించారు. దీనివల్ల చికిత్స అందడం సులువవుతుందని, జనంలో చిన్నచూపు తగ్గుతుందని ఎక్కువమంది నమ్మారు. అదే సమయంలో, పరీక్ష చేస్తారన్న భయంతో జనం ఆసుపత్రికే రావడం మానేస్తారని 43 శాతం మంది అన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, అప్పటికే పరీక్ష చేయించుకున్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది తాము వద్దనడానికి వీలు లేదనుకున్నామని చెప్పారు.

ఒకే జనం ఒకే సర్వేలో చెప్పిన మాటలు ఇవి. విధానం మంచిదే, మాకు కావాలి, కానీ మా దగ్గరకు వచ్చేసరికి మమ్మల్ని అడగలేదు అంటున్నారు. నాకైతే ఇందులో వైరుధ్యం ఏమీ కనిపించదు.

చట్టం సంగతికి వస్తే, బోట్స్వానాలో హెచ్ఐవీకే ప్రత్యేకించిన చట్టం లేదు. పైగా 2013లో తెచ్చిన ప్రజారోగ్య చట్టం కొన్ని సందర్భాల్లో అంగీకారం లేకుండానే పరీక్ష చేయడానికి వీలు కల్పించింది. ఇక్కడి హక్కుల సంస్థ ‘బొనేలా’ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. చికిత్స విషయంలో ముందు నడిచిన దేశం హక్కుల విషయంలో వెనక్కు జరగడం బాధ కలిగిస్తుంది.

తుంగభద్ర:

నేను వైద్యుణ్ని. బోట్స్వానా ఉత్తరాన ఉన్న ఫ్రాన్సిస్‌టౌన్ ప్రాంతంలో కొన్నేళ్లు పనిచేసి వచ్చాను. కాగితం మీది వాదనలు వింటుంటే అక్కడి గర్భిణుల క్లినిక్ కళ్ల ముందు మెదులుతోంది.

తల్లి నుంచి బిడ్డకు సోకకుండా మందులిచ్చే కార్యక్రమం గాబరోన్, ఫ్రాన్సిస్‌టౌన్‌లలో 1999లోనే ప్రయోగాత్మకంగా మొదలైంది. మందు సిద్ధంగా ఉంది, తల్లులు క్లినిక్‌కు వస్తూనే ఉన్నారు. మధ్యలో ఆగిపోయినది పరీక్ష ఒక్కటే. పాత పద్ధతిలో ప్రతి గర్భిణినీ కౌన్సెలర్ దగ్గరికి విడిగా పంపాలి. అక్కడ సుదీర్ఘమైన సంభాషణ జరగాలి, ఆ తర్వాత ‘నాకు పరీక్ష చేయండి’ అని ఆమే నోరు తెరిచి అడగాలి. కౌన్సెలర్ ఆ రోజు సెలవులో ఉన్నా, వరుస పెద్దదిగా ఉన్నా, మళ్లీ వచ్చే నెల రమ్మనేవారు. వచ్చే నెలలో ఆమె పనిలో ఉండేది, లేదా పురుడు అయిపోయేది.

2004లో మార్చినదేమిటంటే, ఉదయం వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి నర్సు సెత్స్వానా భాషలో అందరికీ కలిపి విషయం వివరించేది. తర్వాత ఒక్కొక్కరూ లోపలికి వెళ్లినప్పుడు మిగతా రక్త పరీక్షలతో పాటు దీన్నీ చేస్తున్నామని, ఇష్టం లేకపోతే చెప్పవచ్చని మరొకసారి అనేవారు. ఫ్రాన్సిస్‌టౌన్‌లో గర్భిణుల్లో పరీక్ష చేయించుకున్నవారి శాతం మార్పుకు ముందు 75 ఉంటే, మొదటి మూడు నెలల్లోనే 90కి చేరింది. జనం క్లినిక్‌కు రావడం మానేస్తారన్న భయం అక్కడ నిజం కాలేదు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఆ రేటును 5 శాతం లోపునకు తెచ్చినందుకే 2021 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ బోట్స్వానాకు వెండి స్థాయి గుర్తింపు ఇచ్చింది. అంత తీవ్రంగా వ్యాధి ఉన్న దేశాల్లో అది పొందిన మొదటి దేశం అదే.

పసుపుకొమ్ము గారు చెప్పిన పది నిమిషాల విలువ నాకు తెలుసు. అయితే వరుసలో అరవై మంది ఉండి, నర్సులు ఇద్దరే ఉన్న ఉదయాన ప్రతి ఒక్కరికీ ఆ పది నిమిషాలూ దొరకాలని పట్టుబడితే, సగం మందికి పరీక్షే దొరకదు. నా దృష్టిలో పరీక్షకు ముందు మాట క్లుప్తంగా ఉండవచ్చు. పాజిటివ్ వచ్చిన తర్వాతి మాట మాత్రం ఎంతసేపైనా సాగాలి. ఉన్న కౌన్సెలర్ల సమయాన్ని అక్కడ ఖర్చు పెట్టాలి.

పాలపిట్ట:

నేను ప్రజారోగ్యం చదువుతున్న విద్యార్థిని. ఇంత మంచి ఫలితాలు వచ్చినప్పుడు పరీక్షను తప్పనిసరే చేసేస్తే ఏమవుతుంది? ఐదుగురిలో ఒకరికి ఉన్న దేశంలో వద్దనే హక్కు కోసం ఇంత తర్జనభర్జన అవసరమా? దయచేసి తప్పుగా అనుకోకండి, తరగతిలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయాను.

పసుపుకొమ్ము:

తప్పుగా ఎందుకు అనుకుంటాను తల్లీ, అడగవలసిన ప్రశ్నే.

బలవంతంగా సూది గుచ్చి రక్తం తీయవచ్చు. బలవంతంగా రోజూ మాత్ర మింగించలేం. ఈ చికిత్స జీవితాంతం సాగాలి. మొదటి రోజే తనను మోసం చేశారని అనుకున్న మనిషి రెండో నెల మందులకు రాదు. పరీక్ష చేసిన చోటే నమ్మకం పోగొట్టుకుంటే, ఆ మనిషి పేరు మన రిజిస్టరులో ఉంటుంది గానీ మనిషి దక్కదు. తప్పనిసరి చేసిన చోట దొంగ సర్టిఫికెట్లు పుడతాయి, మారు పేర్లు పుడతాయి.

సంఖ్య వెంట పరుగెత్తితే ఏమవుతుందో బోట్స్వానాకు దగ్గరలోనే ఉన్న లెసోతోను చూసి తెలుసుకోవచ్చు. పన్నెండేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ 2007 చివరికల్లా పరీక్ష చేస్తామని 2005 డిసెంబరులో ఆ దేశం పెద్ద ఉద్యమం ప్రకటించింది. ఇల్లిల్లూ తిరిగి చేయాలన్నది ఆలోచన. శిక్షణ, కిట్లు, జీతాలు, పర్యవేక్షణ ఏవీ ఆ లక్ష్యానికి తగినట్టు లేవు. అనుకున్న గడువుకు దరిదాపులకు కూడా చేరలేదు. అంగీకారం, గోప్యత సరిగా పాటిస్తున్నారా, పాజిటివ్ వచ్చినవారిని చికిత్సకు చేరుస్తున్నారా అని చూసే ఏర్పాటు బలహీనంగా ఉందని 2008లో హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ విమర్శించింది. అంత పెద్ద సంకల్పం అలా నీరుగారిపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

తుంగభద్ర గారూ, ముందు మాట క్లుప్తంగా ఉన్నా ఫరవాలేదన్న మీ మాట నేను సగం ఒప్పుకుంటాను. క్లుప్తంగా ఉండనివ్వండి, కానీ నలుగురిలో కాకుండా ఒంటరిగా ఒక్క ప్రశ్న అడగాలి: ‘ఫలితం తెలిస్తే ఇంట్లో మీకు ఏమైనా ప్రమాదం ఉందా?’ దానికి పది నిమిషాలు అక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్న అడగని చోట పరీక్ష చేయకపోవడమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం.

తుంగభద్ర:

ఆ ప్రశ్న అడగాలన్నదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అడగకపోతే పరీక్షే మానాలన్నదానితో కాదు. పరీక్ష జరగని తల్లికి పుట్టిన బిడ్డలను నేను వార్డులో చూశాను. ఇక్కడ మన ఇద్దరి దారులూ వేరని అనుకుందాం.

గాజుపలక:

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇంతసేపూ అంగీకారం గురించి మాట్లాడుకున్నారు. ఫలితం సరైనదా కాదా అన్నది కూడా రోగి హక్కే. పరీక్షను విస్తరించేకొద్దీ ఈ ప్రశ్న తీవ్రమవుతుంది.

ఒక లెక్క చూడండి. నిమిషాల్లో ఫలితం చెప్పే ర్యాపిడ్ కిట్ మీద గీత వస్తే పాజిటివ్ అని అర్థం. ఒక కిట్ హెచ్ఐవీ లేనివారిలో వెయ్యికి ఐదుగురిని పొరపాటున పాజిటివ్‌గా చూపిస్తుందనుకుందాం. ఉన్నవారిని ఎవరినీ వదలదనుకుందాం. పరీక్షకు వచ్చిన వెయ్యి మందిలో 200 మందికి నిజంగా ఉంటే, మిగతా 800 మందిలో నలుగురికి తప్పుడు గీత వస్తుంది. గీత వచ్చిన 204 మందిలో నలుగురే పొరపాటు. అదే వెయ్యి మందిలో 10 మందికే నిజంగా ఉంటే, మిగతా 990 మందిలో దాదాపు ఐదుగురికి తప్పుడు గీత వస్తుంది. గీత వచ్చిన పదిహేను మందిలో ఐదుగురు, అంటే ముగ్గురిలో ఒకరు, హెచ్ఐవీ లేనివాళ్లే. కిట్ అదే, పరీక్ష చేసిన చేయి అదే. మారినది వరుసలో నిలబడినవాళ్లు మాత్రమే.

ఇది బోట్స్వానాకు ఎలా వర్తిస్తుందని మీరు అడగవచ్చు, అక్కడ ఐదుగురిలో ఒకరికి ఉంది కదా అని. నిజమే, కానీ ఆ ఐదో మనిషికి తన సంగతి ఇప్పటికే తెలుసు, మందులు వాడుతున్నాడు. 2021 సర్వేలో హెచ్ఐవీ ఉన్న పెద్దల్లో 95 శాతం మందికి తమ స్థితి తెలుసునని, వారిలో 98 శాతం మంది చికిత్సలో ఉన్నారని, వారిలో దాదాపు 98 శాతం మందిలో వైరస్ అదుపులో ఉందని తేలింది. అంటే ఇప్పుడు పరీక్షకు వరుసలో నిలబడేవారిలో కొత్తగా బయటపడేవాళ్లు చాలా తక్కువ. జబ్బు ఎక్కువగా ఉన్న దేశమే అయినా పరీక్ష బల్ల దగ్గర మాత్రం తక్కువగా ఉన్న దేశంలాగే లెక్క నడుస్తుంది. ఇందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచి అన్ని దేశాలకూ ఒకటే నియమం చెబుతోంది: వేర్వేరు కిట్లతో వరుసగా మూడుసార్లు గీత వస్తేనే పాజిటివ్ అని చెప్పాలి, చికిత్స మొదలుపెట్టే ముందు మరోసారి సరిచూడాలి. ఒక్క కిట్‌తో మనిషి జీవితాన్ని తేల్చేయకూడదు.

మారుమూల చోట్ల తప్పులు ఎలా జరుగుతాయో కూడా చెబుతాను. వేలి నుంచి తీసిన రక్తం గుంటలో వేసి, ద్రావణం చుక్కలు వేసి, కిట్‌ను బట్టి పది నుంచి ఇరవై నిమిషాలు ఆగాలి. రద్దీలో ఐదో నిమిషానికే చూసి నెగెటివ్ అని రాసేసేవాళ్లుంటారు. భోజనానికి వెళ్లి గంట తర్వాత చూస్తే, ఆరిపోయాక లేతగా కనిపించే నీడను గీత అనుకునేవాళ్లూ ఉంటారు. కిట్ల పెట్టె ఎండలో ఉంచినా ఇబ్బందే. గోడ గడియారం, నీడ ఉన్న అలమర, వారానికోసారి నాణ్యతా పరీక్ష, ఇవి ఉన్న చోట పెద్ద చదువు లేని శిక్షణార్థి కూడా చక్కగా చేయగలడు. బోట్స్వానాలో వైద్యేతర కౌన్సెలర్లకే ఈ పని నేర్పి అప్పగించారని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

పసిపిల్లల సంగతి వేరు. పద్దెనిమిది నెలల లోపు బిడ్డ రక్తంలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (వైరస్‌కు ప్రతిగా ఒంట్లో తయారయ్యే పదార్థాలు, కిట్ చూసేది వీటినే) ఉంటాయి కాబట్టి ర్యాపిడ్ కిట్‌తో నిర్ధారించలేం. మడమ మీద చిన్నగా గుచ్చి, గట్టి వడపోత కాగితం మీద అచ్చు వేసిన వలయాల్లో ఒక్కో చుక్క నింపుతాం. చుక్క కాగితం వెనకవైపుకు ఇంకాలి, వలయం నిండాలి, ఒక చుక్క మీద మరో చుక్క పడకూడదు. నీడలో కొన్ని గంటలపాటు ఆరబెట్టి, తేమ పీల్చే పొట్లాలతో సంచిలో పెట్టి, వైరస్‌ను నేరుగా గుర్తించే పీసీఆర్ పరీక్ష కోసం ల్యాబుకు పంపుతాం. మన దగ్గరా ఇదే పద్ధతి. ఏడుస్తున్న బిడ్డను గుండెకు హత్తుకుని తల్లి మన ముఖంలోకి చూస్తూ ఉంటుంది. ఆ కాగితం ఫలితమై తిరిగి వచ్చేలోగా వారాలు గడిస్తే, బిడ్డకు మందు అందవలసిన విలువైన కాలం పోతుంది. పరీక్ష అందుబాటులో ఉంది అనాలంటే ఫలితం తిరిగి ఆ తల్లి చేతికి చేరాలి. మధ్యలో ఆగిన నమూనాను నేను పరీక్షగా లెక్కించను.

పాలపిట్ట:

గాజుపలక గారూ, లెక్క చాలా స్పష్టంగా అర్థమైంది. ధన్యవాదాలు. మరి మిగిలిన ఆ 5 శాతం మంది ఎవరు? వాళ్లను చేరడం ఎలా?

నల్లరేగడి:

పాలపిట్ట గారూ, ఎక్కువగా మగవాళ్లు, వయసు తక్కువవాళ్లు. సర్వేలోనూ ఈ వర్గాల్లోనే తమ స్థితి తెలిసినవారు తక్కువని కనిపిస్తుంది. కారణం కళ్లెదుటే ఉంది. ఆడవాళ్లు గర్భం వచ్చినప్పుడైనా క్లినిక్ గుమ్మం ఎక్కుతారు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల మగవాడికి క్లినిక్‌తో పనేముంది? వద్దంటే తప్ప చేస్తామన్న పద్ధతి ఎంత గొప్పదైనా ఆసుపత్రికి వచ్చినవాణ్నే పట్టుకుంటుంది.

ఇక్కడి జీవన విధానం కూడా తోడవుతుంది. ఒక్కో కుటుంబానికి ఊళ్లో ఇల్లు, కాస్త దూరంలో పొలం, ఎక్కడో ఎడారి అంచున పశువుల మంద ఉంటాయి. ఆ మంద దగ్గర నెలల తరబడి ఉండేది మగవాళ్లే. అక్కడికి బస్సు వెళ్లదు, ఫోను పలకదు. జ్వానెంగ్, ఒరాపా వజ్రపు గనుల్లో పనిచేసేవారి సంగతి మెరుగు, ఎందుకంటే డెబ్స్వానా కంపెనీ 2001లోనే తన కార్మికులకు ఏఆర్‌టీ ఇవ్వడం మొదలుపెట్టింది. పశువుల కాపరికి అటువంటి యజమాని లేడు.

2013 నుంచి 2018 వరకు ఇక్కడ ‘యా త్సీ’ పేరుతో పెద్ద అధ్యయనం నడిచింది. ముప్పై ఊళ్లను జంటలుగా తీసుకుని, ప్రతి జంటలో ఒక ఊళ్లో ఇంటింటికీ వెళ్లి, గుడారాలు వేసి పరీక్షలు చేసి, పాజిటివ్ వచ్చినవారిని వెంటనే చికిత్సకు చేర్చారు. రెండో ఊళ్లో మామూలు సేవలే కొనసాగించారు. మొదలుపెట్టేసరికే 83 శాతం మందికి తమ స్థితి తెలుసు, అంటే 2004 విధానం చాలా దూరం తీసుకువచ్చింది. అయినా విస్తృతంగా పరీక్షలు జరిగిన ఊళ్లలో కొత్తగా సోకడం దాదాపు 30 శాతం తగ్గిందని 2019లో ప్రచురించారు.

అటువంటి గుడారం ఒకటి మేముండే చోటికి కాస్త దూరంలోని ఊళ్లో వేసినప్పుడు నేను వెళ్లి చూశాను. ఊరి పెద్ద కూర్చునే ‘క్గోట్లా’ చావడి పక్కనే వేశారు. సాయంత్రం పనులు ముగిశాకే తెరిచేవారు. రక్తపోటు, షుగరు, హెచ్ఐవీ మూడూ ఒకే గుడారంలో చూసేవారు కాబట్టి, ఎవరు దేనికి వచ్చారో బయట నిలబడినవారికి తెలిసేది కాదు. వెనకవైపు మరో ద్వారం పెట్టారు. పాజిటివ్ వచ్చిన మనిషి వరుసను దాటుకుంటూ వెనక్కి నడవనక్కర్లేదు. ఈ ఏర్పాటు చేసిన వ్యక్తి ఎవరో గానీ ఆ వరుసలో తనను తాను నిలబెట్టుకుని ఆలోచించి ఉండాలి.

పసుపుకొమ్ము:

ఆ వెనక ద్వారం సంగతి చదివి చాలా సంతోషించాను. మా గదికి ఒకటే తలుపు. ఏడుస్తూ బయటకు వచ్చేవాళ్లను బెంచీ మీదివాళ్లంతా చూసేవాళ్లు.

పాలపిట్ట:

ఇంట్లోనే స్వయంగా చేసుకునే కిట్లు ఇస్తే ఈ మగవాళ్ల సమస్య తీరుతుంది కదా? భార్య ద్వారా భర్తకు కిట్ పంపే పద్ధతి గురించి చదివాను.

గాజుపలక:

చాలావరకు ఉపయోగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 డిసెంబరులోనే స్వీయ పరీక్షను సిఫారసు చేసింది. మలావీ, జాంబియా, జింబాబ్వేలలో అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ యునిటెయిడ్ సాయంతో పెద్ద ఎత్తున పంచి చూశారు. క్లినిక్ గడప తొక్కని మగవాళ్లు, యువకులు వాటిని వాడారు. చిగుళ్ల మీద పుల్లలాంటి పట్టీతో తుడిచి, సీసాలో పెట్టి, చెప్పినంతసేపు ఆగి చూడడమే.

మూడు జాగ్రత్తలు చెప్పకుండా కిట్ చేతికివ్వకూడదు. గీత వస్తే అది నిర్ధారణ కాదు, కేంద్రానికి వెళ్లి సరిచూసుకోవాలి. ఈమధ్యే ప్రమాదకరమైన సంపర్కం జరిగి ఉంటే, ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మూడు నెలలు దాటాక మళ్లీ చూసుకోవాలి. ఇప్పటికే ఏఆర్‌టీ వాడుతున్నవాళ్లు ‘తగ్గిపోయిందేమో’ అని ఈ కిట్‌తో చూసుకోకూడదు, ఎందుకంటే మందుల వల్ల యాంటీబాడీలు తగ్గి తప్పుడు నెగెటివ్ రావచ్చు. అది చూసి మందులు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

భార్య ద్వారా పంపడం గురించి పసుపుకొమ్ము గారు అడగమన్న ప్రశ్న ఇక్కడా అడగాలి. ఆ కిట్ ఇంటికి తీసుకెళ్తే ఆమెకు దెబ్బలు పడతాయా అన్నది ముందు తెలుసుకోవాలి.

తుంగభద్ర:

డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. కొత్తగా ఒక్క పాజిటివ్ మనిషిని కనుక్కోవడానికి గతంలో పది పరీక్షలు సరిపోతే, ఇప్పుడు ఎన్నో రెట్లు చేయాలి. ఖర్చు పెరుగుతున్న ఈ దశలోనే 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని ఆపేసింది. బోట్స్వానా తన చికిత్స ఖర్చులో పెద్ద భాగం తానే పెట్టుకుంటుంది కాబట్టి పూర్తిగా కూలిపోలేదు. కానీ వజ్రాల గిరాకీ పడిపోయి ఖజానా కూడా చిక్కిపోయింది. మందుల కొరత కారణంగా 2025 ఆగస్టులో అధ్యక్షుడు డ్యూమా బోకో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించవలసి వచ్చింది. ఇటువంటప్పుడు మొదటి కోత పడేది ఇల్లిల్లూ తిరిగే కార్యకర్తలకు, కౌన్సెలర్లకు. ఏఆర్‌టీ మందులు ఆగితే ఆ నెలలోనే తెలుస్తుంది, గగ్గోలు పుడుతుంది. పరీక్షలు ఆగితే రెండు, మూడేళ్ల దాకా ఎవరికీ తెలియదు. నాకు భయం వేసేది దాని గురించే.

పరాయి దేశస్థుల విషయం కూడా చేర్చాలి. 2019 వరకు బోట్స్వానాలో ఉచిత చికిత్స పౌరులకే ఉండేది. జింబాబ్వే నుంచి వచ్చి ఇళ్లలో, పొలాల్లో పనిచేసే మనిషికి పరీక్ష చేసి, పాజిటివ్ అని చెప్పి, మందు మాత్రం నీకు లేదంటే ఆ పరీక్షకు అర్థమేమిటి? ఆ పని మా కాలంలో మేమే చేయవలసి వచ్చింది. 2019 సెప్టెంబరులో ఆ నిబంధనను ఎత్తివేసి విదేశీయులకూ ఉచిత చికిత్స ప్రకటించారు. పదిహేనేళ్లు ఆలస్యమైనా న్యాయమైన నిర్ణయం.

కొత్తచిగురు:

చర్చ మొత్తం చదివాను. వచ్చే నెల ఉద్యోగం మీద గాబరోన్ వస్తున్నాం. నా భార్యకు ఇప్పుడు నాలుగో నెల. అక్కడ ఆమెను అడగకుండానే హెచ్ఐవీ పరీక్ష చేసేస్తారా? ఒకవేళ ఏదైనా తేలితే నా ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందా? నల్లరేగడి గారు దయచేసి చెప్పగలరు.

నల్లరేగడి:

కొత్తచిగురు గారూ, శుభాకాంక్షలు. మొదటిసారి క్లినిక్‌కు వెళ్లినప్పుడే మిగతా రక్త పరీక్షలతో పాటు దీన్నీ చేస్తామని చెబుతారు. మొదట నెగెటివ్ వచ్చినా గర్భం నిండేలోగా మరోసారి చేస్తారు. వద్దని చెప్పే హక్కు మీకు ఉంది. కానీ పైన తుంగభద్ర గారు చెప్పిన కారణాల వల్ల చేయించుకోవడమే బిడ్డకు మేలు. ఏం చేస్తున్నారో అర్థం కాకపోతే నర్సును ఆపి అడగమనండి, విసుక్కోరు. ఇక్కడి ఉద్యోగ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం ఆరోగ్య స్థితి కారణంగా ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయకూడదు. ఫలితం మీ యజమానికి చెప్పే అధికారం క్లినిక్‌కు లేదు.

ఆ రోజు మీరు కూడా సెలవు పెట్టి ఆమెతో వెళ్లండి. భార్యాభర్తలకు ఒకేసారి చేసి, ఫలితాలు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పమని అడగవచ్చు, చేస్తారు. మీరు వచ్చాక ఇక్కడ ఒక ప్రైవేట్ సందేశం పంపితే, మా ఇంట్లో వాళ్లు వెళ్లే క్లినిక్ వివరాలు ఇస్తాను.